పల్లి నూనె రేటు పెంచుతున్నాం, ఎందుకో కూడా వినండి

వనపర్తిలో మా గానుగ నూనె వాడే అందరికీ నమస్తే. ఒకటో తారీకు నుంచి పల్లి నూనె లీటరుకు ముప్పై రూపాయలు పెరుగుతుంది. "అన్నా, కొంచెం పామాయిల్ కలిపైనా పాత రేటుకే ఇయ్యరాదూ" అని ఇద్దరు ముగ్గురు నా మొహం మీదే అడిగారు. కలపను.

లీటరు నూనె దిగాలంటే దాదాపు రెండున్నర కిలోల పల్లీలు పడతాయి. మార్కెట్ యార్డుకు గింజ నిండుగా ఉన్న సరుకు వచ్చిందంటే చాలు, ఎగుమతి వ్యాపారులు రేటు పెంచేస్తారు, మాలాంటి చిన్న గానుగల వాళ్లం పక్కకు జరగాల్సిందే. తమాషా ఏమిటంటే మన దేశపు పల్లీలు బాగా కొనేది ఇండోనేషియా, మనకు పామాయిల్ బాగా వచ్చేదీ ఇండోనేషియా నుంచే. మన పల్లీలు ఓడెక్కి అటు, వాళ్ల నూనె ఓడెక్కి ఇటు, దారి పొడుగునా పొగ.

అక్కడ సుమత్రా, బోర్నియో దీవుల్లో ఎన్నో తోటలు అడవులు కొట్టి వేసినవే. కొన్నిచోట్ల నీళ్లు నిండిన పీట్ నేలల్లో (సగం కుళ్లిన ఆకులూ కొమ్మలూ వేల ఏళ్లుగా పేరుకున్న నేలలు) కాలువలు తవ్వి, ఎండబెట్టి మరీ వేశారు. ఆ నేల అంటుకుంటే పైన మంట ఆరినా లోపల రాజుకుంటూనే ఉంటుంది. 2015లో ఆ పొగ సింగపూర్, మలేషియా దాకా కమ్మితే బడులు మూసేశారు.

అట్లని పామాయిల్ చెట్టును తిట్టను. ఎకరాకు వచ్చే నూనెలో పల్లి దాని దరిదాపుల్లోకి రాదు, అందరం పల్లి నూనే వాడాలంటే ఇంకా ఎక్కువ నేల కావాలి (నా వ్యాపారానికి ఈ మాట మంచిది కాదు, అయినా నిజమే కదా). మన దగ్గర కూడా రైతులు పొలాల్లో డ్రిప్ పెట్టి వేస్తున్నారు, దాంతో నాకు పేచీ లేదు. ఏ అడవి కొట్టిన నూనో తెలియకుండా పల్లి నూనె పేరు పెట్టి మీకు అంటగట్టడంతోనే పేచీ.

ప్లాస్టిక్ క్యాన్లు కూడా తగ్గిస్తున్నాం. ఇంటి నుంచి స్టీల్ క్యాన్ తెచ్చుకుంటే లీటరుకు పది రూపాయలు తగ్గిస్తాం. కడిగి బాగా ఆరబెట్టి తెండి, లోపల చుక్క నీళ్లున్నా నూనె తొందరగా పాడవుతుంది. పల్లి చెక్క రేటు మాత్రం పెంచట్లేదు, బర్రెలున్నవాళ్లు ఎప్పటిలాగే పొద్దున పూట వచ్చి తీసుకెళ్లండి.