మా సైకాలజిస్ట్ మేడమ్‌కి, మా ఇంట్లోవాళ్లకి కృతజ్ఞతలు

ఈ పోస్ట్ పెట్టనా అని మేడమ్‌ని ముందే అడిగాను. "నా పేరు మాత్రం వద్దు, మీకు ఉపయోగపడింది ఇంకొకరికి ఉపయోగపడితే సంతోషమే" అన్నారు. అందుకని పేరు రాయకుండానే ఆవిడకి నమస్కారం చెప్పుకుంటున్నాను.

నాకు పానిక్ అటాక్స్ వచ్చేవి. గుండె దడదడలాడేది, చెమటలు పట్టేవి, ఊపిరి అందేది కాదు, ఈ క్షణంలోనే పోతానేమో అనిపించేది. పరీక్షలన్నీ చేయించాక డాక్టరు గారు గుండెలో ఏ లోపమూ లేదని చెప్పి, సైకాలజిస్ట్‌ని కలవమన్నారు. అప్పటికి నాకు గడప దాటాలంటేనే టెన్షన్. మా చెల్లెలు పూనుకుని, ఆన్‌లైన్‌లో చూసేవాళ్ల కోసం వెతికి, వాళ్ల చదువు, లైసెన్స్ వివరాలు సరిచూసి మరీ అపాయింట్‌మెంట్ తీసుకుంది. ఆ పూట అది చేయకపోతే నేను ఎప్పటికి మొదలుపెట్టేవాణ్ణో చెప్పలేను. దానికి నా మొదటి థాంక్స్.

మేడమ్ చేసిన మేలు చాలా ఉంది గానీ, అన్నిటికంటే పెద్దది ఒకటుంది. ఏం జరగబోతోందో, ఎందుకు జరుగుతుందో ప్రతిసారీ ముందే చెప్పారు. ఏమవుతుందో తెలియక బెదిరిపోయే నాలాంటివాడికి అదే సగం వైద్యం.

మొదటి సెషన్‌కి ముందు ఒక అంగీకార పత్రం, కొన్ని ప్రశ్నలు పంపారు. నేను చెప్పే మాటలు ఆవిడ దగ్గరే ఉంటాయని, నా ప్రాణానికో ఇంకొకరి ప్రాణానికో ముప్పు ఉన్నప్పుడు, పిల్లల మీద హింస జరుగుతోందని తెలిసినప్పుడు మాత్రం ఇంకొకరికి చెప్పాల్సి రావచ్చని అందులో ఉంది. రహస్యం ఎక్కడిదాకానో అంత స్పష్టంగా రాసివుండటం చూసి నాకు నమ్మకం కుదిరింది. ఇక ప్రశ్నల్లో జీఏడీ-7 అని ఒకటి. గత రెండు వారాల్లో ఆందోళన ఎంత ఉందో 7 ప్రశ్నలకి 0 నుంచి 3 దాకా మార్కులు వేసుకోవాలి, మొత్తం 21. డిప్రెషన్‌కి అలాంటిదే పీహెచ్‌క్యూ-9 అని ఇంకొకటి, 9 ప్రశ్నలు. "ఇది పరీక్ష కాదు, ఇప్పుడు ఎక్కడున్నామో గుర్తు పెట్టుకోవడానికి. కొన్నాళ్లకి మళ్లీ నింపితే మార్పు మనిద్దరికీ కనిపిస్తుంది" అన్నారు.

సెషన్ మొదట్లో ప్రతిసారీ ఒకటే ప్రశ్న: "ఇప్పుడు మీరు ఎక్కడున్నారు? అడ్రస్ చెప్పండి." దగ్గరివాళ్ల ఫోన్ నంబర్ కూడా ఒకటి తీసుకున్నారు. ఎదురుగా కూర్చుని మాట్లాడేటప్పుడు నాకేమైనా అయితే ఆవిడ లేచి వచ్చి పట్టుకోగలరు, స్క్రీన్ అవతలి నుంచి అది కుదరదు కాబట్టి సాయం ఎక్కడికి పంపాలో తెలిసి ఉండాలట. నెట్ ఆగిపోతే ఎవరు ఎవరికి ఫోన్ చేయాలో కూడా అప్పుడే అనుకున్నాం.

మొదటి రోజంతా ఎక్కువగా ప్రశ్నలే. ఎప్పుడు మొదలైంది, నిద్ర ఎలా ఉంది, ఏ మందులు వాడుతున్నాను, కాఫీ, మద్యం ఎంత, ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా. చనిపోవాలన్న ఆలోచనలు వస్తున్నాయా అని కూడా అదే గొంతుతో, తొణక్కుండా అడిగారు. అందరినీ అడుగుతామని, అడిగినంత మాత్రాన ఆ ఆలోచన కొత్తగా పుట్టదని వివరించారు. అలాంటి మాట అంత సూటిగా అడగగల మనిషి దగ్గర ఇంక దాచాల్సింది ఏమీ లేదనిపించింది నాకు. "ఈ 50 నిమిషాల్లో పరిష్కారం దొరకదు, ఈరోజు మిమ్మల్ని అర్థం చేసుకోవడమే నా పని" అని మొదట్లోనే చెప్పడం వల్ల సలహా రాలేదన్న నిరాశ కూడా కలగలేదు. అయిపోయాక బాగా అలసటగా ఉండొచ్చు, వెంటనే పనిలో పడకండి అన్నారు. నిజంగానే ఉంది.

వీడియో గురించి చిన్నచిన్న విషయాలు కూడా చెప్పారు. తలుపు వేసుకునే గది, హెడ్‌ఫోన్స్, ఫోన్‌ని చేత్తో పట్టుకోకుండా కదలని చోట పెట్టడం. మూలన నా ముఖం నాకే కనిపిస్తుంటే ధ్యాస అటే పోయేది, దాన్ని దాచేయమన్నారు. "నేను మాట్లాడకుండా ఉంటే నెట్ ఆగిందనుకోకండి, మీకు ఆలోచించుకునే టైమ్ ఇస్తున్నానన్నమాట. కిందకి చూస్తుంటే నోట్స్ రాసుకుంటున్నట్టు" అన్నారు. ఈ ఒక్క మాట నన్ను ఎన్ని అనుమానాల నుంచి కాపాడిందో!

ఆ తర్వాత అసలు పని మొదలైంది. స్క్రీన్ మీద ఒక బొమ్మ గీసి చూపించారు. ఒంట్లో చిన్న మార్పు వస్తుంది, దాన్ని ప్రమాదమని అనుకుంటాం, భయం పుడుతుంది, ఆ భయానికి గుండె ఇంకా వేగంగా కొట్టుకుంటుంది, అది చూసి ఇంకా భయపడతాం. డేవిడ్ క్లార్క్ అనే బ్రిటిష్ సైకాలజిస్ట్ 1986లో ఇచ్చిన వివరణ అట ఇది. నాకు జరిగేదంతా ఎవరో పక్కనుండి చూసి గీసినట్టుంది.

కొన్ని వారాలకి, నా గుండె రిపోర్టులు ఇంకోసారి చూసుకుని, డాక్టరు గారి మాట కూడా తీసుకుని, ఒక నిమిషం పాటు కావాలనే వేగంగా ఊపిరి తీయమన్నారు. తల తిరగడం, వేళ్లు తిమ్మిరెక్కడం, ఛాతీ బిగుసుకోవడం, అన్నీ అచ్చం అటాక్‌లో లాగే వచ్చాయి. ఏమేం వస్తాయో ముందే చెప్పారు కనుక పారిపోకుండా కూర్చోగలిగాను. ఆవిడ అవతల ఓపిగ్గా చూస్తూ ఉన్నారు. నేనేమీ చేయకుండానే అవన్నీ వాటంతటవే తగ్గిపోయాయి. ఆ రోజు నేను ఏడ్చేశాను. ఆవిడ తొందరపెట్టలేదు, ఓదార్చే మాటలతో ఆపనూ లేదు.

తర్వాత అలాంటి లక్షణాలనే కావాలని తెప్పించుకుని అలవాటు పడటానికి కుర్చీలో గిరగిరా తిరిగాను, మెట్లు పరుగున ఎక్కాను. ఆ పైన ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, ఆవిడ గొంతు వింటూ, జనం ఉన్న రోడ్డు మీదకి నడిచాను. ఆన్‌లైన్ అంటే ముఖాముఖి దొరకనివాళ్లు సర్దుకునేది అని చాలామంది అనుకుంటారు. నా విషయంలో మాత్రం, భయం ఎక్కడుందో సరిగ్గా అక్కడికే ఆవిడ నాతో రాగలిగారు.

అందరికీ ఇదే సరిపోతుందని అనను. ప్రాణం తీసుకోవాలన్నంత బాధలో ఉన్నవాళ్లు వీడియో అపాయింట్‌మెంట్ కోసం ఆగకూడదు, వెంటనే అత్యవసర సాయం తీసుకోవాలి, పక్కన మనిషి ఉండాలి. ఇంట్లోనే హింస ఉండి గొంతెత్తి మాట్లాడలేనివాళ్లకి కూడా ఇంటి నుంచి వీడియో క్షేమం కాదు. మందులు అవసరమైతే సైకియాట్రిస్ట్ దగ్గరికి పంపుతానని మేడమ్ మొదట్లోనే చెప్పారు. తన పద్ధతి నాకు నప్పకపోతే మొహమాటపడకుండా చెప్పమని, ఇంకొకరి పేరు తనే సూచిస్తానని కూడా అన్నారు. ఆ మాట విన్నాకే నేను ఆవిడ దగ్గరే ఉండాలని గట్టిగా అనుకున్నాను.

మా ఆవిడకి ఎలా థాంక్స్ చెప్పాలో తెలియదు. సెషన్ జరుగుతున్నంతసేపూ పిల్లల్ని తలుపు దగ్గరికి రానివ్వకుండా చూసుకుంది. బయటికి వచ్చాక "ఏం మాట్లాడారు?" అని ఏ రోజూ అడగలేదు. నేను చెప్పాలనుకున్న రోజున మాత్రం పని పక్కన పెట్టి విన్నది. గుండె బాగానే ఉందని చెప్పి ఊరుకోకుండా దారి చూపించిన డాక్టరు గారికి, వారానికో గంట నన్ను వదిలేసిన ఆఫీసు మిత్రులకి కూడా కృతజ్ఞతలు.

సెషన్లు ఇప్పుడు నెలకొకటి. ఎప్పుడు, ఎలా ఆపాలో కూడా మేడమ్ ముందుగానే మాట్లాడుతున్నారు. మొదటి సెషన్ బుక్ చేసుకుని గాభరాపడుతున్నవాళ్లు ఎవరైనా ఉంటే నన్ను అడగండి, నాకు తెలిసినంతవరకు తప్పకుండా చెబుతాను.