మాత్ర ఇచ్చినవారే పరీక్ష కూడా చేయించాలి

సంపాదకులకు,

గత ఆదివారం మీ అనుబంధంలో క్రానిక్ మైలాయిడ్ లుకేమియాపై వచ్చిన వ్యాసం చదివాను. ఒకప్పుడు ప్రాణాలు తీసిన ఈ రక్త క్యాన్సర్‌ను ఇప్పుడు రోజూ మాత్ర వేసుకుంటూ అదుపులో పెట్టుకోవచ్చని, ఇక ఇది బీపీ లాంటి జబ్బేనని రాశారు. మొదటి మాట నిజం. రెండోది సగమే నిజం. బీపీ ఉన్నవారు ఇంట్లోనే చేతికి పట్టీ చుట్టుకుని మందు పనిచేస్తోందో లేదో చూసుకోగలరు. ఈ జబ్బులో ఆ సంగతి నమ్మకంగా చెప్పాలంటే రక్తంలో ఒక జన్యు పరీక్ష చేయాలి. మాత్ర దొరికినంత తేలిగ్గా ఆ పరీక్ష చాలామందికి దొరకదు. అంత పెద్ద వ్యాసంలో దాని ఊసే లేదు.

జబ్బుకు మూలమైన ఏబీఎల్1 జన్యువును పుట్టుకతో వచ్చే శాపంలా చూపించడం కూడా సరికాదు. ఆ జన్యువు మనందరిలోనూ ఉంది, 9వ క్రోమోజోమ్ మీద. దాని నుంచి తయారయ్యే ప్రోటీన్ ఒక కైనేజ్. కణానికి శక్తినిచ్చే ఏటీపీ అనే అణువు నుంచి ఫాస్ఫేట్‌ను తీసి, ఇతర ప్రోటీన్లలోని టైరోసిన్ అనే అమైనో ఆమ్లానికి అతికించడం దాని పని. ఫాస్ఫేట్ అతుక్కున్న ప్రోటీన్ తీరు మారుతుంది. కొత్త పనికి పూనుకుంటుంది, లేదా చేస్తున్న పని మానేస్తుంది. మనిషిలో ఇలాంటి ప్రోటీన్ కైనేజ్ జన్యువులు 518 ఉన్నాయని 2002లో లెక్కతేల్చారు. కణం ఆకారాన్ని సర్దుకోవడంలోనూ, కదలడంలోనూ, డీఎన్ఏ దెబ్బతిన్నప్పుడు స్పందించడంలోనూ ఏబీఎల్1కు పాత్ర ఉంది. అవసరమైనప్పుడే జరిగి, అవసరం తీరగానే ఆగిపోవలసిన పని ఇది. అందుకే తనను తాను ఆపుకునే ఏర్పాటు ఆ ప్రోటీన్‌లోనే ఉంది. దాని ప్రధాన రూపాల్లో ఒకదాని మొదటి కొసకు మిరిస్టిక్ ఆమ్లమనే కొవ్వు ఆమ్లం అతికి ఉంటుంది. ఆ కొస వెనక్కి వంగి, కైనేజ్ భాగంలోని ఒక గుంటలోకి దూరి కూర్చుంటుంది. అది అక్కడున్నంతసేపూ కైనేజ్ చప్పుడు చేయదు.

ఎముక మజ్జలోని ఒకానొక రక్త మూలకణంలో 9, 22 క్రోమోజోములు తెగి, ముక్కలు తారుమారుగా అతుక్కున్నప్పుడు అసలు చిక్కు మొదలవుతుంది. ఏబీఎల్1 తన మొదటి కొసను పోగొట్టుకుంటుంది. ఆ స్థానంలోకి 22వ క్రోమోజోమ్ మీది బీసీఆర్ జన్యువు ముక్క వచ్చి చేరుతుంది. ఆపే కొస పోయింది. పైగా బీసీఆర్ ముక్క ఈ ప్రోటీన్లను నాలుగేసిగా ఒకచోటికి చేరుస్తుంది. అవి ఒకదానికొకటి ఫాస్ఫేట్ అతికించుకుని నిరంతరం పనిలోనే ఉండిపోతాయి. తెల్ల రక్తకణాలు అదుపు తప్పి పెరగడం దీని ఫలితమే. కురచబడిన ఆ 22వ క్రోమోజోమ్‌ను 1960లో ఫిలడెల్ఫియాలో పీటర్ నోవెల్, డేవిడ్ హంగర్‌ఫోర్డ్ గుర్తించారు. రెండు క్రోమోజోముల మధ్య ముక్కల మార్పిడి జరిగిందని 1973లో జానెట్ రౌలీ తేల్చారు. ఇది తల్లిదండ్రుల నుంచి రాదు, పిల్లలకు పోదు. ఈ ఒక్క సంగతి తెలియక కుమిలిపోయే కుటుంబాలు ఉన్నాయి కాబట్టి మీ వ్యాసం దీన్నైనా చెప్పి ఉండవలసింది.

2001లో అమెరికాలో అనుమతి పొందిన ఇమాటినిబ్, ఏటీపీ వచ్చి కూర్చోవలసిన చోటును ఆక్రమించి ఈ కైనేజ్‌ను నిలిపేస్తుంది. ఆ మందుతో చికిత్స మొదలుపెట్టినవారిలో పదేళ్ల తర్వాత 83 శాతం మంది జీవించి ఉన్నారని దాని ప్రధాన పరిశోధన అంచనా వేసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో దీన్ని అత్యవసర ఔషధాల జాబితాలో చేర్చింది. ఇంతవరకు మీ వ్యాసంతో నాకు పేచీ లేదు.

మాత్ర మొదలుపెట్టిన కొన్ని వారాలకే తెల్లకణాల లెక్క మామూలు స్థాయికి వస్తుంది. నీరసం తగ్గుతుంది, ఉబ్బిన ప్లీహం సర్దుకుంటుంది. మామూలు రక్త పరీక్ష చూసి ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. కానీ ఆ పరీక్షకు అందనంత తక్కువ పాళ్లలో జబ్బు కణాలు మిగిలే ఉంటాయి. వాటిని పట్టుకునేది పీసీఆర్ పరీక్ష. బీసీఆర్-ఏబీఎల్1 కలిసిన ఆర్ఎన్ఏ, అంటే ఆ అతుకు జన్యువు నుంచి తయారయ్యే నకలు, రక్తంలో ఎంత ఉందో అది కొలుస్తుంది. మొదట్లో మూడు నెలలకోసారి చేయించాలి. వేర్వేరు ప్రయోగశాలల ఫలితాలను పోల్చుకోవడానికి పెట్టుకున్న అంతర్జాతీయ కొలమానంలో ఆ సంఖ్య మూడు నెలలకు 10 శాతానికి, ఆరు నెలలకు 1 శాతానికి, ఏడాదికి 0.1 శాతానికి దిగాలన్నది వైద్యులు పెట్టుకున్న గుర్తు.

దిగకపోతే, లేదా దిగి మళ్లీ పెరిగితే, కారణం తెలుసుకోవాలి. చాలాసార్లు మాత్రలు మానేయడమే కారణం. లండన్‌లో ఒక వైద్య బృందం మూతలో మైక్రోచిప్ అమర్చిన సీసాలు రోగులకిచ్చి, ఎప్పుడెప్పుడు తెరిచారో నమోదు చేసింది. 2010లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం, వేసుకోవలసిన మాత్రల్లో 90 శాతానికి పైగా వేసుకున్నవారిలో 94.5 శాతం మంది ఆరేళ్లకు ఆ 0.1 గుర్తును చేరే అవకాశం ఉంటే, అంతకు తక్కువ వేసుకున్నవారిలో 28.4 శాతానికే ఉంది. తొంభై శాతమంటే నెలకు మూడు రోజులు మరచిపోవడమే! ఇక రెండో కారణం కైనేజ్‌లోనే మార్పు రావడం. 315వ స్థానంలో థ్రియోనిన్ అనే అమైనో ఆమ్లం పోయి ఐసోల్యూసిన్ అనే మరొకటి వస్తే ఇమాటినిబ్ అక్కడ కుదురుకోలేదు. వేరే మందుకు మారాల్సిందే. ఈ రెండింటిలో ఏది జరుగుతోందో తెలియకుండా అదే మాత్ర చేతిలో పెడుతూ పోతే, జబ్బు ముదిరి చికిత్సకు లొంగని దశకు చేరవచ్చు.

పరీక్ష చేయించినంత మాత్రాన సరిపోదు కూడా. నేను చాలాకాలం ఇలాంటి ప్రయోగశాలలో పనిచేశాను కాబట్టి చెబుతున్నాను. ఆర్ఎన్ఏ చాలా సున్నితమైనది. ఊదారంగు మూత గొట్టంలో తీసిన రక్తం ఎండలో తిరిగి తిరిగి ఆలస్యంగా చేరితే, వెతుకుతున్న ఆర్ఎన్ఏ దారిలోనే నశిస్తుంది. అప్పుడు యంత్రం 'కనిపించలేదు' అంటుంది. రోగి జబ్బు పోయిందనుకుంటాడు. ఈ మోసాన్ని కనిపెట్టడానికి అదే రక్తంలో నియంత్రణ జన్యువుగా ఒక మామూలు జన్యువు ఆర్ఎన్ఏను కూడా లెక్కిస్తారు. చాలా ప్రయోగశాలలు ఇందుకు వాడేది ఏబీఎల్1నే. 0.1 శాతాన్ని నమ్మకంగా చెప్పాలంటే ఆ లెక్క కనీసం 10,000 ఉండాలి. నేను పనిచేసిన చోటికి బయటి నుంచి వచ్చిన పాత నివేదికల్లో ఈ లెక్క ఉండేదే కాదు. కొన్నింటిలో అంతర్జాతీయ కొలమానం ప్రస్తావన కూడా ఉండేది కాదు. ఒక ప్రయోగశాల సంఖ్యను మరో ప్రయోగశాల సంఖ్యతో పోల్చి భయపడినవారిని, ధీమా పడినవారిని కూడా చూశాను.

కాబట్టి మాత్రను ఉచితంగానో తక్కువ ధరకో అందించే ఏ పథకమైనా పరీక్ష ఖర్చునూ అందులోనే కలపాలి. మాత్ర చవకయ్యాక పరీక్ష భారమైపోయిందని, ఆ డబ్బుతో మరికొందరికి మందు ఇవ్వవచ్చు కదా అని వాదించేవారున్నారు. లెక్క అలా తేలదు. ఫ్రాన్స్‌లో రెండేళ్లకు పైగా పరీక్షలో జబ్బు జాడే కనిపించని 100 మందికి మాత్ర ఆపించి చూశారు. ఏడాది తర్వాత 40 శాతం మందికి పైగా మందు లేకుండానే నిలకడగా ఉన్నారు. తిరగబెట్టినవారిలో ఎక్కువమందికి అది ఆరు నెలల్లోపే బయటపడింది, మళ్లీ మందు మొదలుపెడితే దారికొచ్చింది. అలా ఆపాలన్నా, ఆపాక నెలనెలా కనిపెట్టాలన్నా ఇదే పరీక్ష కావాలి. పరీక్ష లేనిచోట, ఆపగలిగినవారు కూడా ఏళ్ల తరబడి మాత్ర మింగుతూనే ఉండాలి.

దూరప్రాంతాల మాటేమిటన్న ప్రశ్నకూ జవాబుంది. క్షయను గుర్తించడానికి చాలాచోట్ల వాడుతున్న కార్ట్రిడ్జ్ పీసీఆర్ యంత్రంలో, తగిన కార్ట్రిడ్జ్ పెడితే బీసీఆర్-ఏబీఎల్1 కొలత కొన్ని గంటల్లో వస్తుంది. కొత్త భవనాలు అక్కర్లేదు. కార్ట్రిడ్జ్‌ల సరఫరా, యంత్రంలో కొంత సమయం కేటాయింపు, నివేదికపై అంతర్జాతీయ కొలమానం, నియంత్రణ జన్యువు లెక్క తప్పనిసరి చేయడం చాలు.

ఈ విషయంపై మళ్లీ రాసేటప్పుడు మూడు నెలలకు 10, ఆరు నెలలకు 1, ఏడాదికి 0.1 అన్న సంఖ్యలను వ్యాసం పక్కన పెద్ద అక్షరాల్లో వేయండి. కత్తిరించుకుని వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లేవారుంటారు.

ఇట్లు,
మీ పాఠకుడు,
విశ్రాంత ల్యాబ్ టెక్నీషియన్