చేతుల్లేని పచ్చ గౌను

చిట్టీ,

ముందు తిన్నావా లేదా అది చెప్పు. బాబాయ్ వాళ్ళతో పంపిన కందిపొడి, గోంగూర అందాయని ఒక ముక్క మెసేజ్ పెట్టావు, అంతే, నీ గొంతు విని ఇవాళ్టికి పద్దెనిమిది రోజులు. గోంగూర సీసా ఫ్రిజ్‌లోనే ఉంచు, తడి చెంచా పెట్టకు. ఇక్కడ బానే ఉన్నాం. నాన్నకి షుగర్ దారిలోకొచ్చింది, నిన్న కొబ్బరికాయలు దింపించాం, బోరు మోటారు మళ్ళీ రిపేరుకొచ్చింది. ప్రత్యేకంగా ఏదో ఉందని రాయట్లేదమ్మా, ఊరికే రాయాలనిపించింది.

పొద్దున్నే కుట్టుమిషన్ మీద కూర్చున్నప్పుడు నువ్వు నా ఫోన్లో ఎక్కించిచ్చిన ఆ అమెరికా గాయని వాండా జాక్సన్ పాటలు పెట్టుకుంటున్నా. నాన్న మొదట్లో విసుక్కునేవాళ్ళు, ఇప్పుడు పేపరు చదువుతూ కాలితో తాళం వేస్తున్నారు. పోయినేడాది డల్లాస్ నుంచి ఓక్లహోమా సిటీ తీసుకెళ్ళావు కదా, మూడు గంటలూ అవే పాటలు, నాకు ఇంగ్లీషు పాట అందదని నువ్వు ఆపి ఆపి చెప్తూ వచ్చావు. బ్రిక్‌టౌన్‌లో ఆవిడ పేరు పెట్టిన సందులో నన్ను నిలబెట్టి తీసిన ఫోటో ఫ్రేం కట్టించి హాల్లో పెట్టా, వచ్చినవాళ్ళందరూ ఎవరా వాండా అని అడుగుతున్నారు, నాకు తెలిసినంత చెప్తున్నా.

మొన్న గుంటూరు పిన్ని ఫోన్ చేసి, అమ్మాయి ఉద్యోగం మానేసిందంట కదా, రాత్రిళ్ళు బార్లలో పాడుతుందంట కదా అంది. నాకేం తెలీదు, స్టవ్ మీద పాలున్నాయి అని పెట్టేసా. ఆ సంగతి నిన్ను నేను అడగట్లేదు.

రాక్ పాటల ఎల్విస్ ప్రెస్లీని తలుచుకుని వాండా చేసిన ఆ ఆల్బమే మళ్ళీ మళ్ళీ వింటున్నా. ‘ఐ రిమెంబర్ ఎల్విస్’, 2006లో వచ్చిందన్నావు, అంటే అప్పటికి ఆవిడకి 68 నిండాయి. ఆయన 1977లోనే పోయె. అన్నేళ్ళయ్యాక కూర్చుని ఆయన పాటలు ఒక్కోటీ మళ్ళీ పాడిందంటే ఎంత గుర్తుపెట్టుకుని ఉండాలి చెప్పు. అందులోనూ ఎక్కువ ఆయన కుర్రాడుగా ఉన్నప్పటి పాటలే తీసుకుంది, ఈవిడ స్టేజి పక్కన నిలబడి విన్న రోజులవి. గొంతు ఇరవయ్యేళ్ళప్పుడు ఉన్నట్టు లేదు, బరువెక్కింది, చివర్లో కాస్త జీర వస్తుంది, నాకైతే ఈ గొంతే నచ్చింది. ఆయనలాగా పాడాలని చూడలేదు చూడు, తనలాగే పాడింది. ఆయన వేలి ఉంగరం తీసిచ్చిన సంగతి కూడా అందులో పెట్టుకుంది. దాన్ని గొలుసుకి వేసుకుని మెళ్ళో కట్టుకునేదంట కదా, కుర్రపిల్ల!

నాకు బాగా నచ్చింది మాత్రం వాళ్ళ నాన్న. 1955 జూలైలో మిస్సోరీలో కేప్ జిరార్డో అనే ఊళ్ళో ఎల్విస్‌తో మొదటి ప్రోగ్రాం. పిల్ల తన పాటలు పాడేసి లోపల గదిలో ఉంది, తోడొచ్చిన తండ్రి పక్కనే ఉన్నాడు. ఇంతలో బయట ఒకటే కేకలు, అరుపులు. ఆయన హాలుకి నిప్పంటుకుందేమో అనుకున్నాడంట, నీ సామాను సర్దుకో, నేను చూసొస్తానని పరిగెత్తాడు, తీరా వెళ్ళి చూస్తే నిప్పూ లేదు ఏమీ లేదు, స్టేజి మీద ఆ కుర్రాడు ఊగుతూ పాడుతుంటే ఆడపిల్లలు అరుస్తున్నారు. తిరిగొచ్చి నువ్వు వచ్చి చూడాలమ్మా అని కూతుర్ని తీసుకెళ్ళి చూపించాడు. నీకు అర్థమవుతుందా, ఇంకో తండ్రయితే తలుపు గడియపెట్టి పద ఇంటికి అనేవాడు. నేనైనా అదే అనేదాన్ని. అలాంటి పాటలు నువ్వూ పాడగలవని ఎల్విస్ అంటే ఈ పిల్ల నేను కంట్రీ పాటలు, అదే వాళ్ళ పల్లె పాటలు, పాడుకునేదాన్ని, నాకెందుకు అందంట. ఆయన వదల్లేదు, మెంఫిస్‌లో ఇంటికి తీసుకెళ్ళి రికార్డులు వేసి వినిపించి, గిటార్ మీద వాయించి చూపించాడు. అలా చెప్పేవాళ్ళు ఒకరు దొరకాలి మనిషికి.

అయితే ఒకటి గమనించావా. ఆ పిల్ల హైస్కూలు పూర్తయ్యాకే టూర్లకి వెళ్ళింది. ఉద్యోగం మానేసింది వాళ్ళ నాన్న, కూతురికి తోడుగా ఉండటానికి. ఆయన ఒకప్పుడు వాయించినవాడే, ఆరేళ్ళప్పుడే పిల్లకి గిటార్ కొనిచ్చి వేళ్ళెక్కడ పెట్టాలో నేర్పింది ఆయనే, ఏ ఊరెళ్ళినా వెనకాల మనిషున్నాడు. నీ వెనకాల ఎవరున్నారు అక్కడ? ఆ బ్యాండ్ పిల్లలు మంచివాళ్ళే అయ్యుండొచ్చు, కానీ రాత్రి రెండింటికి నిన్ను ఇంటిదగ్గర ఎవరు దింపుతారు? హెచ్‌వన్ మీదున్నవాళ్ళకి ఉద్యోగం పోతే 60 రోజులే టైమంట, ఈలోగా ఇంకో కంపెనీ చూసుకోవాలంట, ఆ వీసా మీద పాడి డబ్బులు తీసుకోకూడదంట కూడా, ఎదురింటి అబ్బాయిని అడిగి తెలుసుకున్నా, నీ పేరు చెప్పలేదులే, ఎవరికో అన్నట్టు అడిగా. క్యాలెండర్ మీద లెక్క కూడా వేసుకున్నా, పద్దెనిమిది రోజుల కిందటే మానేసి ఉంటే నీకింకా నలభై రెండు రోజులున్నాయి. పాడొద్దని నేను ఎప్పుడన్నా అన్నానా? ఏదైనా ఒక పద్ధతి ప్రకారం చెయ్యాలంటున్నా, అంతే. ఆవిడకి మాత్రం అడ్డం పడలేదా, ఆడపిల్లల రికార్డులు అమ్ముడుపోవని క్యాపిటల్ రికార్డు కంపెనీ ఆయన అన్నాడంట, ఏడుస్తూ కూర్చోకుండా ఇంకో కంపెనీలో పాడింది, 1956లో మళ్ళీ ఆ క్యాపిటల్ వాళ్ళే తీసుకున్నారు. చదువూ ఓపికా ఉంటే ఏదీ పోదు. సరే, మళ్ళీ క్లాసు మొదలుపెట్టానంటావు, ఆపేస్తున్నా.

ఇంకోటి చెప్పాలి. చాలా రోజులుగా చెప్పాలనుకుంటున్నా.

వాండా బట్టలు వాళ్ళమ్మ కుట్టేదని చెప్పావు కదా కార్లో. కుచ్చులు వేలాడేవి, రాళ్ళు కుట్టినవి, భుజాల మీద సన్న తాళ్ళు. నాష్‌విల్‌లో గ్రాండ్ ఓల్ ఆప్రీ అని కంట్రీ పాటల పెద్ద ప్రోగ్రాంకి మొదటిసారి పిలిస్తే అలాంటి కొత్త గౌనే వేసుకెళ్ళిందంట, స్టేజి ఎక్కే టైముకి అక్కడి పేరున్న పాటగాడు ఎర్నెస్ట్ టబ్ వచ్చి, ఇక్కడ ఆడవాళ్ళు భుజాలు కనపడేలా రాకూడదు, కప్పుకోమన్నాడు. గౌను మీద తోలు జాకెట్ తొడుక్కుని పాడి, ఏడ్చుకుంటూ బయటికొచ్చి ఇంకెప్పుడూ ఇక్కడికి రాను అనేసింది, అన్నట్టే చాలా ఏళ్ళు ఆ గడప తొక్కలేదు. నువ్వు ఇది చెప్తున్నంతసేపూ నేను కిటికీ వైపు తల తిప్పుకుని ఉన్నా, నిద్రపోయాననుకుని పాట సౌండు తగ్గించావు. నిద్రపోలేదు చిట్టీ.

నీకు పదకొండేళ్ళు. శ్రీరామనవమి పందిరి. చిలకపచ్చ శాటిన్ గుడ్డ తెస్తే గౌనుకే సరిపోయింది, చేతులకి చాల్లేదు, అందుకని చేతుల్లేకుండా కుట్టి మెడ చుట్టూ తెల్ల లేసు వేశా. రాత్రి ఒంటిగంట దాకా కూర్చుని హెమ్మింగ్ చేశా. పొద్దున నువ్వు అద్దం ముందు గిర్రున తిరిగావు, గౌను గొడుగులా విచ్చుకుంది. పందిట్లో మైకు దగ్గరకి వెళ్ళబోతుంటే కమిటీ పెద్దాయన నన్ను పిలిచి, గుడి ముందర ఆ చేతులేంటమ్మా, పిల్ల ఎదుగుతోంది కదా, ఏదన్నా కప్పండి అన్నాడు. నేను ఒక్క మాట అనలేదు. గుడ్డ చాల్లేదండీ అని కూడా అనలేదు. తాతయ్య కండువా తీసి నేనే నీ భుజాల చుట్టూ తిప్పి పిన్నీసు పెట్టా. ఆ తొందర్లో పిన్నీసు నీకు గుచ్చుకుంది, నువ్వు స్ అన్నావు, నేను ఊరుకో అన్నా. రెండో చరణంలో కండువా జారిపోతుంటే ఒక చేత్తో పట్టుకున్నావు, తాళం తప్పింది, ముందు వరసలో పిల్లలు నవ్వారు. ఇంటికొచ్చి గౌను విప్పి మడతపెట్టి బీరువా అడుగున పెట్టేశావు. మళ్ళీ నవమికి పాడమంటే గొంతు బాలేదన్నావు. ఆ తర్వాతి సంవత్సరం కూడా గొంతు బాలేదన్నావు. నాన్న నీకు టాన్సిల్స్ అనుకుని డాక్టర్ దగ్గరకి తీసుకెళ్ళారు, గుర్తుందా? నాకు అప్పుడే తెలుసు. తెలిసీ మాట్లాడలేదు.

అది తప్పమ్మా, నాదే తప్పు. ఆ పెద్దాయన అన్నది ఒక్క మాట, పిన్నీసు పెట్టింది నేను.

రెండో వీధి టీచర్ గారు నిన్ను ఎప్పుడూ అడుగుతుంటారు. రెండో కన్నుకి కూడా ఆపరేషనైంది, నల్లద్దాలు పెట్టుకుని అరుగు మీద కూర్చుంటున్నారు. ఆ ఏడాది నవమయ్యాక కూడా సరళీస్వరాలు చెప్తానని మన గుమ్మంలోకి వచ్చి నిన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది ఆవిడే కదా. వాండా ఎక్కడో ఒక సమ్మర్‌లో ఒకాయన చెప్పిన మాటకి యాభై ఏళ్ళ తర్వాత ఆల్బమే చేసింది. నువ్వు ఆల్బమ్ చెయ్యక్కర్లేదు, ఆదివారం టీచర్ గారికి ఒక ఫోన్ చెయ్యి. నువ్వు పాడుతున్నావని పిన్ని నోటి వెంట వినేకంటే నీ నోటి వెంట వింటే ఆవిడ పొంగిపోతారు. నేనూ అంతే.

పెళ్ళి సంగతి నేను ఎత్తట్లేదు. మల్టీవిటమిన్ వేసుకో. ఏసీ గాలి గొంతుకి మంచిది కాదు, రాత్రి మిరియాల పాలు తాగు. కారు టైర్లు చూపించుకున్నావా? నాన్న రోజూ అడుగుతున్నారు. డబ్బులు కావాలంటే మొహమాటపడకు, చీటీ వచ్చే నెల పాడుకుందామనుకుంటున్నా.

నిన్న బీరువా సర్దుతూ ఆ పచ్చ గౌను తీశా, లేసు పసుపెక్కింది కానీ గుడ్డ అలాగే మెరుస్తోంది. బజారుకెళ్ళి అదే రంగులో శాటిన్ వెతికి తెచ్చా, ఈసారి నాలుగు మీటర్లు తీసుకున్నా, కింద కుచ్చులు కూడా వేద్దామని. స్టేజి మీదకి నీకు పనికొస్తుందో లేదో, నచ్చకపోతే దాచిపెట్టుకో. కొలతలు పంపు, పాతవి నా దగ్గరున్నాయి గానీ సరిపోవు. గుడ్డ సరిపడా ఉంది, చేతులు పెట్టాలో వద్దో నువ్వే చెప్పు. మెసేజ్ వద్దు, ఫోన్ చేసి చెప్పు, మీకు రాత్రి తొమ్మిదప్పుడు నేను లేచే ఉంటా.

అమ్మ