ఫోన్ చెయ్యకుండా రాస్తున్న ఉత్తరం

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది. తిట్టుకునే ఉంటావు, తిట్టుకో. ఇక్కడంతా బాగున్నాం. అమ్మ మోకాలు నొప్పి మామూలే, హాస్టల్ సాంబారు మామూలే, మూడో సెమిస్టరు పాసయ్యాను. కబుర్లు అయిపోయాయి. ఇక అసలు సంగతి.

అసలు సంగతి ఏంటంటే, అది నీకు చెప్పకూడదు.

నవ్వకు. నా నోట్లో నువ్వుగింజ నానదని నీకు తెలుసు, సరోజత్తయ్యకి ఇంకా బాగా తెలుసు. ఫోన్ చేస్తే పావుగంటలో కూపీ లాగేస్తావు. అందుకే కాగితం.

ఎం.ఎస్.డబ్ల్యూలో, అదే సోషల్ వర్క్ పీజీలో, వారానికి రెండు రోజులు ఫీల్డ్‌వర్క్ అని చెప్పాగా, ఈసారి ఒక ఫ్యామిలీ కౌన్సెలింగ్ సెంటర్లో వేశారు. మా తాతయ్యకి కౌన్సెలింగ్ అంటే ఎంసెట్ కౌన్సెలింగే. "ఎవరికన్నా సీటు ఇప్పించగలవా?" అని అడిగాడు. ఊళ్ళో మిగతావాళ్ళకి అది పోలీసులు ఇచ్చేది. పేపర్లో చూస్తుంటాంగా, 'ఆకతాయిలకు కౌన్సెలింగ్ ఇచ్చి పంపారు' అని. అంటే గట్టిగా నాలుగు తగిలించారని మనకి అర్థమైపోతుంది.

మొన్నొక పెద్దాయన అలాగే అనుకుని వచ్చాడు. పేరూ ఊరూ అడగకు. పెద్దాయన అన్నది కూడా మార్చి రాశానేమో, నీకెందుకు. కుర్చీ అంచున కూర్చుని, తిట్లు తినడానికి సిద్ధంగా తల వంచుకున్నాడు. నా పని చూసే మేడం పక్క గదిలో వేరే కేసులో ఉన్నారు, "నువ్వు మొదలుపెట్టు, వస్తా" అన్నారు.

మొదలుపెట్టా. ఆగితేగా! ఇంట్లో సర్దుకుపోవాలన్నాను, పొద్దున్నే నడవమన్నాను, మనసులో మాట పంచుకోవాలన్నాను. ఆయన పంచుకునే సందు మాత్రం ఇవ్వలేదు. ఇరవై నిమిషాలయ్యాక దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. నేను కాలరెగరేసుకుంటూ బయటికొచ్చా. ఇంకో రెండు కేసులు ఇలా తేలిస్తే గోడ మీద నా ఫోటో పెట్టేస్తారనుకున్నా.

ఆ రాత్రి ప్రాసెస్ రికార్డింగ్ రాయాలి. అంటే జరిగిన సంభాషణ మొత్తం, మాటకి మాట, గుర్తున్నంత వరకూ. పక్క గడిలో ఆ క్షణంలో నాకేమనిపించిందో. చివరి గడి మేడంకి. రాస్తుంటే తెలిసింది, నా మాటలు మూడు పేజీలు. ఆయనవి "అవును బాబూ", "సరే బాబూ", "అట్టాగే". అంతే. మేడం ఎర్రసిరాతో ఒక్కటే రాశారు: "ఇందులో క్లయింటు ఎవరు?"

రెండు రోజులు అన్నం సయించలేదురా. సానుభూతి అంటే జాలిపడటం, సహానుభూతి అంటే వాళ్ళ చోట నిలబడి చూడటం, రెండూ వేరు అని పది మార్కుల ప్రశ్నకి మనస్తత్వవేత్త కార్ల్ రోజర్స్ 1957లో చెప్పినవన్నీ వరసపెట్టి రాసినవాణ్ణి. పైగా ఇంకో తప్పు. మొదటిరోజే ఆయనకి చెప్పాల్సిన మాట ఒకటుంది: మీరు చెప్పింది ఈ గది దాటదు, ఒక్క మీ ప్రాణానికో ఇంకొకరి ప్రాణానికో ప్రమాదమైతే తప్ప. అదీ మర్చిపోయా. మానసిక అనారోగ్యం ఉన్నవాళ్ళకి 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్లో గోప్యత హక్కు ఇచ్చింది. ఈయనకి జబ్బేమీ లేదనుకో, అయినా మాకు ఎవరి విషయంలోనైనా అదే రూలు.

మంగళవారం ఆయన మళ్ళీ వస్తాడనుకోలేదు. వచ్చాడు. ముందు ఆ గోప్యత సంగతి చెప్పేసి నోరు మూసుకున్నా. ఊరుకోవడం ఎంత కష్టమో నీకు చెప్పలేను. ఒళ్ళో గుడ్డసంచి పెట్టుకుని దాని కాడలు రెండూ ముడేస్తున్నాడు, విప్పుతున్నాడు. మళ్ళీ ముడి. ఫ్యాను కిర్రుమంటోంది. మధ్యలో కుర్రాడు టీ తెచ్చి పెట్టాడు, మీగడ కట్టింది, ఎవరమూ ముట్టుకోలేదు. నా నాలిక చివర కనీసం ఆరు సలహాలు నిలబడి ఉన్నాయి. గోడ గడియారంలో నాలుగు నిమిషాలు గడిచాయి, నిజంగా చూశా.

అప్పుడు నువ్వు గుర్తొచ్చావు. నా సి.ఏ. మూడోసారి పోయిన రోజు చెరువు గట్టు మీద చీకటి పడేదాకా పల్లీలు ఒలుచుకుంటూ కూర్చున్నావు, ఒక్క మాటా అనలేదు. కావాలనే ఊరుకున్నావా, ఏం అనాలో తెలీక ఊరుకున్నావా? ఎప్పుడూ అడగలేదు... సరే, వదిలేయ్.

ఐదో నిమిషంలో ఆయన నోరు విప్పాడు.

ఏం చెప్పాడో ఇక్కడ రాయాలి. పెన్ను ఇక్కడే చాలాసేపు ఆగింది. రాయను. నేను మొదటిరోజు ఊదరగొట్టిన వాటికీ దానికీ ఏ సంబంధమూ లేదని మాత్రం చెప్తా. సర్దుకుపోవడమట! సిగ్గేసింది.

లేస్తూ "మళ్ళీ మంగళవారమేనా బాబూ?" అని అడిగాడు. అవునండీ అనేశా. నాకింక రెండు మంగళవారాలే ఉన్నాయి, తర్వాత వేరే సెంటరుకి మారుస్తారు. ముగింపు గురించి ముందునుంచే చెప్తూ రావాలని క్లాసులో రాసుకున్నాను కూడా. మేడంకి ఇంకా చెప్పలేదు. రేపు చెప్తా. ఎల్లుండి.

మీ తమ్ముడితో నన్ను మాట్లాడమన్నావు. నేను మాట్లాడకూడదురా, చిన్నప్పటినుంచి వాణ్ణి ఎత్తుకు తిప్పినవాణ్ణి, వాడు నాతో నిజం చెప్పడు. 14416కి చెయ్యమను, టెలీ మానస్ అని మానసిక సమస్యలకి ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్, తెలుగులోనే మాట్లాడతారు, రాత్రైనా పలుకుతారు, డబ్బు కట్టక్కర్లేదు. వాడు చెయ్యనంటే ముందు నువ్వు చెయ్యి. ఇంకోటి, అమ్మ మీ ఇంటికొచ్చి మావాడు డాక్టరని చెప్తే నమ్మకు. సైకియాట్రిస్టునీ కాదు, సైకాలజిస్టునీ కాదు, ఎన్నిసార్లు చెప్పినా వినదు.

ఆ, లడ్డూ బాకీ గురించి ఒక ముఖ్యమైన... రూమ్మేటు పోస్టాఫీసు వైపు వెళ్తున్నాడు, కింద బండి మీద కూర్చుని హారన్ కొడుతున్నాడు. కవరు అంటించాలి. ఉంటా.

నీ
రెండో బెంచీ