హైదరాబాద్‌లో తయారైన ఆటలకు ఒక అర కావాలి

సంపాదకుడు గారికి,

నమస్కారం. వేసవి సెలవుల్లో పిల్లలకు ఏ గేమింగ్ కన్సోల్ కొనాలో చెబుతూ మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. అందులో ప్లేస్టేషన్ 2ను పాత సామాన్ల బండికి వేసేయమన్నట్టు ఒక్క ముక్కలో తేల్చేశారు. అది మా ఇంట్లో టీవీ కింద ఇంకా పనిచేస్తోంది. కాస్త మొరాయిస్తుంది, అంతే.

2000 మార్చిలో జపాన్‌లో విడుదలై, 2013 మొదట్లో తయారీ నిలిచిపోయేలోగా 15 కోట్లకు పైగా అమ్ముడైన యంత్రమది. దానికి వచ్చిన ఆటలు వేలల్లో ఉన్నాయి. మన దగ్గర మాత్రం దాని పేరెత్తితే క్రికెట్ 2007, శాన్ ఆండ్రియాస్, రెజ్లింగ్ తప్ప నాలుగోది గుర్తు రాదు. ఎలా వస్తుంది? గంటకు ఇరవై రూపాయలిచ్చి గేమ్ పార్లర్‌లో కూర్చున్నవాడు ముక్కూ మొహం తెలియని ఆట పెట్టమంటాడా? నేనూ అడగలేదు. మా వీధి పార్లర్‌లోది నకిలీ డిస్కులు కూడా ఆడేలా చిప్ వేసిన కన్సోల్, ప్లాస్టిక్ కవర్లో నకిలీ డీవీడీలు. అవీ ఆ మూడు ఆటలవే.

మిగతావి నాకు ముప్పై దాటాక తెలిశాయి. 'ఇకో' అని 2001 నాటి ఆట ఉంది. నెత్తిన కొమ్ములున్న పిల్లవాడు, భాష తెలియని ఒక అమ్మాయిని వెంటబెట్టుకుని పాడుబడ్డ కోటలోంచి బయటపడాలి. ఆర్1 బటన్ నొక్కి ఉంచినంతసేపే ఆమె చెయ్యి మన చేతిలో ఉంటుంది. మనం పరిగెత్తితే ఆమె వెనకబడుతుంది, ఆ గుంజుడుకి కంట్రోలర్ అరచేతిలో వణుకుతుంది. తెర మీద పాయింట్లూ ఉండవు, ప్రాణాల లెక్కా ఉండదు. ఆట అయిపోయిన చాలాసేపటి వరకూ నా వేలు ఆ బటన్ మీదే ఉంది.

'మిస్టర్ మస్కిటో'లో మనమే దోమ. జపాన్‌లో యమదా అనే కుటుంబం ఇంట్లో దూరి, చెంపదెబ్బ తగలకుండా ఒక్కొక్కరి రక్తం తాగి రావాలి. రాత్రంతా దోమల బ్యాట్ పట్టుకుని తిరిగే మనకు అవతలి పక్షం కష్టాలూ తెలియాలి కదా! ఇక 'గాడ్ హ్యాండ్' అనే కొట్లాట ఆట 2006లో వచ్చినప్పుడు ఐజీఎన్ అనే పేరున్న సమీక్షా సంస్థ దానికి పదికి మూడు మార్కులే వేసింది. దాన్ని అంతకంటే ఎక్కువ ప్రేమించినవాళ్లలో నేనొకణ్ణి. తన్నులు మాత్రం బాగా తినాలి.

అయితే ఈ ఉత్తరం జపాన్ ఆటల కోసం రాస్తున్నది కాదు. రెండేళ్ల కిందట సికింద్రాబాద్‌లో పాత డిస్కులు అమ్మే ఒక షాపులో అట్ట వెలిసిపోయిన డీవీడీ పెట్టె ఒకటి కనబడింది. 'దేశీ అడ్డా'. తిప్పి చూస్తుంటే షాపతను నవ్వి, "అన్నా, గది ఎవ్వరూ ఆడరు. వంద ఇచ్చి తీస్కపో" అన్నాడు. తెచ్చాను. అది 2009లో మన హైదరాబాద్‌లోని గేమ్‌శాస్త్ర అనే సంస్థ చేసిన ఆట. అందులో కబడ్డీ, గాలిపటాలు, చిర్రగోనె ఉన్నాయి. మా మేనల్లుడు ఓ ఆదివారమంతా ఆడి, "మామా, నిజంగా కట్టెతోటి ఇట్లనే కొడ్తరా?" అని అడిగాడు. మర్నాడు వాడికి చెట్టుకొమ్మ విరిచి చిర్రా గోనే చెక్కి ఇవ్వాల్సి వచ్చింది. పక్కింటి కిటికీ అద్దం ఖర్చు నాదే.

అదే ఏడాది 'హనుమాన్: బాయ్ వారియర్' వచ్చింది. చేసింది హైదరాబాద్‌లోనే, అరోనా టెక్నాలజీస్. నిజం చెప్పాలంటే అంత గొప్ప ఆటేమీ కాదు. గెంతబోయి గుంటలో పడటం, మళ్లీ మొదటికి రావడం. సమీక్షకులు ఏకిపారేశారు. అయినా అంతకుముందు మన ఊళ్లో కూర్చుని కన్సోల్‌కు ఆట రాసినవాళ్లు ఎందరున్నారు? మన తొలి మూకీలు కూడా కళాఖండాలని కాదు కదా వెతుకుతున్నాం. వాటి రీళ్లు చాలామటుకు పోయాక ఇప్పుడు నెత్తీ నోరూ బాదుకుంటున్నాం.

నేను అడిగేది ఒక్కటే. 1954 నాటి చట్టం ప్రకారం మన దేశంలో అచ్చయిన ప్రతి పుస్తకం ప్రతిని ప్రచురణకర్త కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికీ, చెన్నై కన్నెమరాతో పాటు మరో రెండింటికీ పంపాలి. పత్రికలకూ ఆ ఏర్పాటు ఉంది. వీడియో గేమ్ మాత్రం ఆ చట్టం కంటికి ఆనదు. జపాన్‌లో జాతీయ డైట్ (అంటే అక్కడి పార్లమెంటు) గ్రంథాలయం 2000 నుంచి పెట్టెల్లో అమ్మే ఆటలను కూడా పుస్తకాల్లాగే సేకరిస్తోంది. మనకు ఢిల్లీలో చట్టం మారేదాకా ఆగే పని లేదు. తెలంగాణ ప్రభుత్వం 2016లోనే యానిమేషన్, గేమింగ్ కోసం ఇమేజ్ పాలసీ ప్రకటించింది, ఆ తర్వాత రాయదుర్గంలో ఇమేజ్ టవర్‌కు పునాది వేసింది. రేపటి ఆటలకు అంతస్తులు కడుతున్నప్పుడు నిన్నటి ఆటలకు అఫ్జల్‌గంజ్ రాష్ట్ర కేంద్ర గ్రంథాలయంలో ఒక అర ఇవ్వలేమా? 1891 నుంచి తాళపత్రాలూ ఉర్దూ, ఫార్సీ రాతప్రతులూ దాచిన నగరానికి నాలుగు డిస్కులు బరువా?

డిస్కు ఒక్కటే దాస్తే చాలదు, దాన్ని చదివే యంత్రమూ ఉండాలి. మా కన్సోల్ లేజర్ లెన్స్‌కు వయసు మీద పడింది. స్పిరిట్ దూదితో తుడిచి పెడితే మూడోసారికి గానీ డిస్కు అందుకోవడం లేదు. బాగుచేసే మనిషి ఒకతను ఉండేవాడు, ఇప్పుడు మొబైల్ స్క్రీన్లు మారుస్తున్నాడు. విడిభాగాలు దొరకవని చేతులెత్తేశాడు. అతని దగ్గరున్న పాత లెన్సులూ, అతని చేతిలోని పనీ కూడా ఆ అరతోపాటే భద్రపరచాల్సినవి.

నా దగ్గరున్న ఆ రెండు హైదరాబాద్ ఆటలనూ, పెట్టెలతో సహా, ఉచితంగా ఇచ్చేస్తాను. ఏ కౌంటర్‌లో ఇవ్వాలో సంబంధిత అధికారులు మీ పత్రిక ద్వారా చెబితే చాలు.

— ఒక పాఠకుడు, సికింద్రాబాద్