సంగీత విద్యార్థుల ఇంటర్న్‌షిప్‌లు: మన సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. క్లాసులు, కచేరీలు ఎప్పట్లాగే జరిగాయి, జమాఖర్చులు విడిగా పంపిస్తాం. ఈ ఏడాది కమిటీ ఎక్కువ టైం పెట్టింది మాత్రం పిల్లల్ని ఇంటర్న్‌షిప్‌లకి పంపడం మీదే, అందుకే రిపోర్టులో కూడా దాని గురించే ఎక్కువ రాస్తున్నా.

మన పిల్లలకి పాడ్డం వచ్చు, వాయించడం వచ్చు, కానీ పాట రికార్డయ్యాక జనాల్లోకి వెళ్ళేలోపు ఎంత పనుంటుందో చాలామందికి తెలీదు. స్టూడియోకి వెళ్ళినవాళ్ళు కేబుళ్ళు చుట్టడంతో మొదలుపెట్టారు, తర్వాత మైకులు. కండెన్సర్ మైక్ (కరెంటు అందితేనే పనిచేసే సున్నితమైన మైక్) కి కేబుల్ ద్వారానే వెళ్ళే 48 వోల్టుల కరెంటు, అంటే ఫాంటమ్ పవర్, ఆన్ చేసే ముందు ఛానెల్ మ్యూట్ చెయ్యాలి, లేకపోతే హెడ్‌ఫోన్స్ పెట్టుకున్న సింగర్ చెవిలో ఠప్‌మంటుంది. ఇది చదివితే గుర్తుండదండీ, ఇంజనీర్ పక్కన నిలబడి చూస్తే జన్మలో మర్చిపోరు.

మ్యూజిక్ లేబుల్ (పాటలు రిలీజ్ చేసే కంపెనీ) ఆఫీసుకి వెళ్ళినవాళ్ళు ఇంకో లోకం చూశారు. ప్రతి రికార్డింగ్‌కీ 12 క్యారెక్టర్ల ఐఎస్‌ఆర్‌సి కోడ్, అంటే ఆ రికార్డింగ్‌ని గుర్తుపట్టే నంబరు, ఉండాలి, అదే పాట రీమిక్స్ చేస్తే దానికి కొత్త కోడ్. పాట (సాహిత్యం, బాణీ) హక్కు వేరు, దాని రికార్డింగ్ హక్కు వేరు. ఎవరి వాటా ఎంతో స్ప్లిట్ షీట్ అనే వాటాల కాగితంలో ముందే రాసుకోకపోతే తర్వాత రాయల్టీ దగ్గర గొడవలే. స్పాటిఫైలో ప్లేలిస్టులు తయారుచేసే ఎడిటర్లకి పాట పిచ్ చెయ్యాలంటే, అంటే మా పాట తీసుకోండని అడగాలంటే, రిలీజ్‌కి కనీసం 7 రోజుల ముందే పంపడం మంచిది. ఒకమ్మాయి మెటాడేటా (పాటతో పాటు వెళ్ళే పేర్లు, వివరాలు) చెక్ చేస్తూ ఒకే రచయిత పేరు రెండు పాటల్లో రెండు స్పెల్లింగులతో ఉందని పట్టుకుంది, అలాంటి తప్పు వల్ల డబ్బులు ఆగిపోతాయి కాబట్టి మర్నాటి నుంచి ఆ పని మొత్తం తనకే అప్పగించారు. ఈ ఫీల్డ్‌లో చాలా పనులకి ప్రకటనలు రావు, టైంకి వస్తాడు, చెప్పింది చేస్తాడు అని ఎవరైనా కళ్ళారా చూసుండాలి, అప్పుడే ఫోనొస్తుంది.

అన్ని చోట్లా ఇలా జరగలేదు. ఒక చోట మనవాళ్ళ చేత సామాన్లు మోయించడం తప్ప ఏమీ నేర్పలేదు, అక్కడికి ఇక పంపం. పైగా జీతం లేకుండా నెలల తరబడి పని చెయ్యడం ఇంట్లో జరుగుబాటు ఉన్నవాళ్ళకే కుదురుతుంది, అది నాకు అస్సలు న్యాయంగా అనిపించట్లేదు. అందుకే వచ్చే ఏడాది నుంచి ఏం పని, ఎన్ని గంటలు, స్టైపెండ్ ఎంత అన్నది కాగితం మీద రాసిచ్చిన చోటికే పంపాలని కమిటీ నిర్ణయించింది.

సభ్యుల్లో స్టూడియోలు, లైవ్ సౌండ్, ఈవెంట్ల పనుల్లో ఉన్నవాళ్ళు ఒక్కరికైనా చోటివ్వండి. ఆ సంగతి మాకు చెప్పేటప్పుడు, పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని ఎవరు నేర్పిస్తారో వాళ్ళ పేరు కూడా చెప్పండి.