టర్బో పెట్రోల్ బండ్ల ఇంజన్ ఆయిల్ విషయంలో మా కస్టమర్లకు ఒక వివరణ

మా షెడ్డుకు బండి అప్పగించే ప్రతి ఒక్కరికీ నమస్కారం. వచ్చే నెల ఒకటో తేదీ నుంచి టర్బో, అంటే ఇంజన్‌లోకి గాలిని నొక్కి పంపే పరికరం ఉన్న పెట్రోల్ బండ్లకు ఆయిల్ మార్చే పద్ధతిని మారుస్తున్నాం. దానివల్ల మీ బిల్లు కొంత పెరుగుతుంది. ఎందుకు పెరుగుతుందో, ఇన్నాళ్లూ మా వైపు నుంచి ఏ పొరపాటు జరిగిందో చెప్పకుండా డబ్బు మాత్రం ఎక్కువ అడగడం సరికాదు కాబట్టి ఇది రాస్తున్నాను.

పోయిన వానాకాలంలో 2018 మోడల్ స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ 230 ఒకటి వచ్చింది. ఉదయం స్టార్ట్ చేయగానే నీలం పొగ, యాక్సిలరేటర్ తొక్కితే సన్నటి ఈల, మునుపటి పికప్ లేదు. గాలి గొట్టం విప్పి, టర్బో లోపలి చక్రాన్ని రెండు వేళ్లతో పట్టుకుని కదిపితే అది చుట్టూ ఉన్న గోడకు తగులుతోంది. బేరింగ్ అరిగిందని తేలిపోయింది. కొత్త టర్బో తెప్పించి బిగించాం. నాలుగు వేల కిలోమీటర్లు తిరగక ముందే అదే ఈలతో బండి వెనక్కి వచ్చింది. ఈసారి టర్బోకు ఆయిల్ తెచ్చే సన్నటి పైపును కూడా ఊడదీసి, హ్యాక్సా బ్లేడుతో నిలువుగా కోసి చూశాం. లోపలి గోడలకు బొగ్గులా గట్టిపడిన నల్లటి పెచ్చు పట్టి ఉంది. మిగిలిన సందులో అగ్గిపుల్ల కూడా దూరలేదు. మొదటిసారే ఆ పైపును మార్చి ఉండాల్సింది, మేము మార్చలేదు. అందుకే రెండో టర్బో ఖర్చు మేమే పెట్టుకున్నాం.

అంతటితో విషయం ముగియలేదు. మా రిజిస్టర్ తీసి చూస్తే, అంతకు ముందు రెండుసార్లు ఆ బండికి ఆయిల్ మార్చింది కూడా మేమే. డబ్బా మీద చిక్కదనం గ్రేడు 5డబ్ల్యూ-30 అని ఉంది, పేరున్న కంపెనీ సరుకే, కానీ ఆ ఇంజన్‌కు కావలసిన ఆమోదం సంఖ్య, అంటే ఈ ఆయిల్ వాడవచ్చని కార్ల కంపెనీ ఇచ్చే నంబరు, ఆ డబ్బా వెనుక లేదు. ఆ పెచ్చు అంతా మా ఆయిల్ వల్లే పట్టిందని అనలేను, ఎందుకంటే అంతకు ముందు యజమాని చేతిలో ఆ బండి చాలా దూరం ఒకే ఆయిల్‌తో తిరిగింది. అయినా మేము పోసినది సరైన ఆయిల్ కాదన్న మాట మాత్రం నిజం.

టర్బో ఎంత సున్నితమైన వస్తువో తెలిస్తే ఆయిల్ గురించి ఇంత పట్టుబట్టడం ఎందుకో అర్థమవుతుంది. ఒక సన్నటి షాఫ్టుకు రెండు చివర్లా రెండు చక్రాలు ఉంటాయి. ఇంజన్ నుంచి బయటికి పోయే పొగ ఒక చక్రాన్ని తిప్పితే, అదే షాఫ్టు మీద ఉన్న రెండో చక్రం బయటి గాలిని నొక్కి ఇంజన్‌లోకి పంపుతుంది. ఎక్కువ గాలి వెళ్తే ఎక్కువ పెట్రోల్ కాలుతుంది, చిన్న ఇంజన్ నుంచి పెద్ద ఇంజన్ బలం వస్తుంది. ఈ షాఫ్టు నిమిషానికి లక్షన్నర నుంచి రెండు లక్షల చుట్లు తిరుగుతుంది. ఇలాంటి చాలా టర్బోలలో బాల్ బేరింగులు ఉండవు, షాఫ్టు కేవలం ఆయిల్ పొర మీద తేలుతూ తిరుగుతుంది. ఆ పొర వెంట్రుక మందం కూడా ఉండదు. పెట్రోల్ బండిలో పొగ వైపు చక్రం దగ్గర వేడి 900 డిగ్రీలు దాటుతుంది, కొన్ని అంగుళాల అవతల అదే షాఫ్టును ఆయిల్ కాపాడుతూ ఉంటుంది. అంటే ఆ ఆయిల్ రాపిడిని తగ్గించడమే కాక వేడిని కూడా మోసుకుపోవాలి. పైగా ఆక్టేవియాలోని ఈ తరం రెండు లీటర్ల ఇంజన్‌లో పొగ వెళ్లే మార్గాలు ఇంజన్ పై భాగమైన సిలిండర్ హెడ్‌లోనే కలిసి ఉంటాయి, టర్బోను నేరుగా హెడ్‌కే బిగిస్తారు. దానివల్ల ఇంజన్ త్వరగా వేడెక్కి పొదుపుగా నడుస్తుంది కానీ, ఆ మూలలో చేరే వేడి తక్కువేమీ కాదు.

ఇప్పుడు డబ్బా మీది అంకెల సంగతి. చాలామంది ఫోను చేసి “5డబ్ల్యూ-30 ఉందా” అని అడుగుతారు. ఆ మాట ఒక్కటే సరిపోదు. గ్రేడు అనేది ఆయిల్ చిక్కదనానికి ఇచ్చిన పేరు మాత్రమే. నిజంగా బేరింగ్‌ను కాపాడేది, 150 డిగ్రీల వేడిలో, విపరీతమైన రాపిడి కింద ఆ ఆయిల్ ఎంత చిక్కగా నిలబడుతుందనేది. దాన్ని మిల్లీపాస్కల్ సెకన్లలో కొలుస్తారు. 30 గ్రేడు అనిపించుకోవడానికి 2.9 ఉంటే చాలు. కానీ యూరప్ ప్రమాణాల్లో ఏ3/బీ4 అనీ సీ3 అనీ రాసి ఉన్న ఆయిల్‌కు కనీసం 3.5 ఉండాలి. ఫోక్స్‌వ్యాగన్, స్కోడా పెట్రోల్ ఇంజన్లకు చెప్పే వీడబ్ల్యూ 502 00, 504 00 ఆమోదాలు కూడా 3.5 కంటే తక్కువ ఒప్పుకోవు. కాబట్టి పక్కపక్కనే పెట్టిన రెండు 5డబ్ల్యూ-30 డబ్బాల్లో ఒకటి మీ బండికి సరిపోవచ్చు, రెండోది అసలు సరిపోకపోవచ్చు. ఆ ఆక్టేవియా విషయంలో మేము చూడవలసినదీ, చూడనిదీ ఇదే.

దీనికి ఎదురుగా ఇంకో సంగతి కూడా ఉంది. కొత్త ఇంజన్లలో కొన్నింటికి వీడబ్ల్యూ 508 00 అనే పలుచటి 0డబ్ల్యూ-20 ఆయిల్ ఉంటుంది. పొరపాటు జరగకూడదని దానికి ఆకుపచ్చ రంగు కలుపుతారు. ఆ ఆమోదం రాసి ఉన్న ఇంజన్‌లోనే దాన్ని పోయాలి, మిగతా వాటిలో పోయకూడదు. కొత్తగా వచ్చిన ఆయిల్ కదా అని పాత ఇంజన్‌కు పోస్తే మేలు జరగదు, కీడు జరగవచ్చు.

చిక్కటి ఆయిల్ అయితే టర్బోకు మంచిదని గతంలో నేనే కొందరికి చెప్పాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. రేసింగ్ కోసమని 10డబ్ల్యూ-60 తెచ్చి పోయమని అడిగేవారు ఇప్పటికీ వస్తున్నారు. హైదరాబాద్‌లో చలి తక్కువ కాబట్టి ఫరవాలేదని వారి వాదన. కానీ 25 డిగ్రీల ఉదయం కూడా ఇంజన్ ఆయిల్ తాను వేడెక్కిన తర్వాత ఉండే చిక్కదనానికి దాదాపు పది రెట్లు చిక్కగా ఉంటుంది. ఎంత చిక్కగా ఉంటే ఆ సన్నటి పైపులోంచి టర్బోకు చేరడం అంత ఆలస్యమవుతుంది. ట్రాక్ మీద గంటల తరబడి నడిపే బండికి ఒక లెక్క ఉంటుంది, పిల్లలను బడిలో దింపి ఆఫీసుకు వెళ్లే బండికి ఇంకో లెక్క ఉంటుంది.

చిన్న టర్బో ఇంజన్ల వారికి, అంటే 1.0, 1.2 లీటర్ల బండ్లు ఉన్నవారికి, ప్రత్యేకంగా ఒక మాట చెప్పాలి. పెట్రోల్‌ను నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే రకం ఇంజన్లలో, తక్కువ ఆర్‌పీఎంలో పై గేరు మీద యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు, సిలిండర్ గోడ మీది ఆయిల్ చుక్క పెట్రోల్‌తో కలిసి స్పార్క్ ప్లగ్ కంటే ముందే అంటుకోవచ్చు. ఆ దెబ్బకు పిస్టన్ పగిలిన సందర్భాలు ఉన్నాయి. ఆయిల్‌లోని కాల్షియం ఎక్కువైతే ఈ ప్రమాదం పెరుగుతుంది. అందుకే 2018లో అమెరికా పెట్రోలియం సంస్థ ఏపీఐ వారి ఎస్‌ఎన్ ప్లస్ అనే ప్రమాణం, 2020లో ఎస్‌పీ అనే ప్రమాణం వచ్చాయి. మా దగ్గర మిగిలి ఉన్న పాత ఎస్‌ఎన్ డబ్బాలను ఈ బండ్లకు ఇక వాడము. మీరు కూడా ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు అయిదో గేరులో ఇంజన్ మూలుగుతుంటే తొక్కకండి, ఒక గేరు తగ్గించండి.

ఎన్ని కిలోమీటర్లకు మార్చాలన్నది మీరందరూ అడిగే ప్రశ్న. స్కోడా, ఫోక్స్‌వ్యాగన్ కంపెనీలు ఇక్కడ 15,000 కిలోమీటర్లు లేదా ఒక ఏడాది అని చెబుతాయి. నా అభిప్రాయంలో నగరంలోని దుమ్ముకు, ట్రాఫిక్‌కు, ఇంజన్ పూర్తిగా వేడెక్కక ముందే ముగిసే చిన్న ప్రయాణాలకు అది చాలా ఎక్కువ. చిన్న ప్రయాణాల్లో కాలని పెట్రోల్ ఆయిల్‌లో కలిసి దాన్ని పలుచన చేస్తుంది. ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్ తీసి వాసన చూస్తే చాలాసార్లు పెట్రోల్ వాసన తెలుస్తుంది. మధ్యలో, అంటే 7,500 కిలోమీటర్ల దగ్గర, ఒకసారి ఆయిల్, ఫిల్టర్ మార్చుకోమని సలహా ఇస్తున్నాను. వారంటీ ఉన్న బండి అయితే కంపెనీ సర్వీసును మాత్రం తప్పించవద్దు, ఇది దానికి అదనం. మా బిల్లు మీద ఆయిల్ ఆమోదం సంఖ్య, బ్యాచ్ నంబరు రాసి ఇస్తాం, దాచుకోండి.

ఔటర్ రింగ్ రోడ్డు మీద శంషాబాద్ నుంచి వేగంగా వచ్చి, దిగగానే టీ కొట్టు దగ్గర వెంటనే ఆపేసేవారు ఒక పని చేయాలి. దిగే ముందు చివరి రెండు మూడు కిలోమీటర్లు నెమ్మదిగా నడపండి, లేదా ఆపిన తర్వాత ఒక నిమిషం ఇంజన్ ఆన్‌లో ఉంచండి. ఇంజన్ ఆపగానే ఆయిల్ పంపు ఆగిపోతుంది, ఎర్రగా కాలిన టర్బోలో నిలిచిన ఆయిల్ అక్కడే మాడి పెచ్చు కడుతుంది. ఈ కాలం బండ్లలో చాలావాటికి ఇంజన్ ఆపిన తర్వాత కూడా టర్బో చుట్టూ నీటిని తిప్పే కరెంటు పంపు ఉంటుంది. బండి ఆపాక కొంతసేపు వినిపించే ఆ శబ్దం లోపం కాదు, అది తన పని తాను చేస్తోంది.

నీలం పొగ కనిపించిన ప్రతిసారీ టర్బో పోయిందని ఎవరు చెప్పినా వెంటనే నమ్మవద్దు, మేము చెప్పినా సరే. టర్బోలో ఆయిల్ తన బరువుతోనే కిందికి జారి, ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే ఛాంబర్‌లోకి దిగుతుంది. ఆ దారి మూసుకుపోయినా, ఇంజన్ లోపలి ఆవిరిని వదిలే పీసీవీ వాల్వు పాడై లోపల ఒత్తిడి పెరిగినా, ఆయిల్ వెనక్కి తన్ని పొగగా బయటికి వస్తుంది. ఇక మీదట వాల్వు, ఆయిల్ దిగే పైపు, షాఫ్టు కదలిక ఈ మూడూ మీకు చూపించిన తర్వాతే టర్బో విప్పుతాం. కొత్త టర్బో వేస్తే ఆయిల్ తెచ్చే పైపు, వాషర్లు, ఆయిల్, ఫిల్టర్ తప్పకుండా మారుస్తాం. ఆ పైపు వద్దనుకునేవారి బండికి టర్బో బిగించము.

ఆయిల్ డబ్బా మీ ఎదుటే విప్పుతాం. పేరున్న కంపెనీల ఖాళీ డబ్బాలను కొనుక్కుని వాటిలో నాసిరకం ఆయిల్ నింపి అమ్మేవారు ఉన్నారు కాబట్టి, ఖాళీ డబ్బాను మీ ముందే కోసేస్తాం. మీరు బయట కొని తెచ్చిన ఆయిల్‌ను ఆమోదం సంఖ్య, సీలు సరిగా ఉంటేనే పోస్తాం. ఆక్టేవియా ఆర్‌ఎస్‌కు ఆయిల్ అయిదున్నర లీటర్లకు పైగా పడుతుంది కాబట్టి తేడా బిల్లులో బాగానే కనిపిస్తుంది, అయితే కూలీ మాత్రం పెంచడం లేదు. ఈసీయూ రీమ్యాప్, అంటే ఇంజన్‌ను నడిపే కంప్యూటర్ సెట్టింగులు మార్చి బలం పెంచడం, చేయించుకున్నవారు దయచేసి ఆ సంగతి మాకు దాచవద్దు. కంపెనీ టర్బోకు కొంత అదనపు శక్తి ఉన్నా, రీమ్యాప్‌తో చుట్లూ వేడీ పెరుగుతాయి, మీ ఆయిల్ గడువును మేము వేరుగా లెక్కించాలి.

గత ఏడాదిలో మా దగ్గర ఆయిల్ మార్పించుకున్న టర్బో బండ్ల జాబితా తయారైంది. ఆమోదం సంఖ్య లేని ఆయిల్ పోసిన బండ్ల యజమానులకు ఈ వారం నేనే ఫోను చేస్తున్నాను. ఆ బండ్లకు ఆయిల్, ఫిల్టర్ మా ఖర్చుతో మార్చి, టర్బో పైపు పరిశీలించి ఇస్తాం. వచ్చేటప్పుడు బండితో వచ్చిన కంపెనీ పుస్తకం వెంట తెచ్చుకోండి, ఆయిల్ పేజీ ఇద్దరం కలిసి చూసిన తర్వాతే డబ్బా విప్పుతాం.